గ్యాస్ డిటెక్టరు మౌనమునకు అర్థమేమి?

వంటయింటిలో గ్యాసు లీకైన వెంటనే ముక్కు పసిగట్టును. నిజమునకు ఆ దుర్వాసన వంటగ్యాసునకు సహజమైనది కాదు. అందలి ప్రొపేను, బ్యూటేను వాయువులకు చెప్పుకోదగిన వాసన లేదు. కాబట్టి ఇథైల్ మెర్కాప్టాన్ అను ఘాటైన పదార్థమును కొద్దిపాళ్ళలో కలిపి సిలిండర్లలో నింపుదురు. ఇంటిలో మన ముక్కే కాపలాదారు. ఆ కాపలాదారునికి గ్యాసు జాడ తెలియుటకే ఈ వాసన.

కర్మాగారములలో ఈ ఏర్పాటు చాలదు. కొన్ని వాయువులకు వాసన యుండదు, చేర్చుటకు వీలును ఉండదు. మరికొన్ని ముక్కునే మొద్దుబార్చును. కుళ్ళిన కోడిగ్రుడ్ల వాసన గల హైడ్రోజన్ సల్ఫైడు, గాలిలో పదిలక్షల పాళ్ళకు సుమారు 100 పాళ్ళు చేరినపుడు ఘ్రాణశక్తినే చంపివేయును. వాసన పోయినది గనుక ప్రమాదము తప్పినదని తలచినవాడు మరింత ముందునకు పోవును.

జమ్మలమడుగునకు పడమట, అనంతపురము జిల్లా తాడిపత్రిలో గల గెర్డావ్ ఉక్కు కర్మాగారమున 2018 జులై 12వ తేదీన కార్బన్ మోనాక్సైడు వెలువడి ఆరుగురు కార్మికులు మరణించిరి. ఈ వాయువునకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఇనుమును కరగించు బ్లాస్టు ఫర్నేసునుండి వచ్చు వాయువులో ఇది ఐదవ వంతునకు తక్కువ కాకుండ ఉండును. అది మండును గనుక పారవేయక, గొట్టముల ద్వారా కొనిపోయి ఇంధనముగా వాడుకొందురు. ఊపిరితోపాటు లోపలికి పోయినచో ఇది రక్తములోని హిమోగ్లోబినును ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. రక్తము ప్రవహించుచునే యుండును కాని ప్రాణవాయువును మోయజాలదు. తలనొప్పి, మైకము, స్పృహ తప్పుట ఒకదానివెంట ఒకటి వచ్చును. గాలిలో దీని పాలు 8 గంటల పనికాలపు సగటుగా పదిలక్షలకు 50 మించరాదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము రెండవ షెడ్యూలు నిర్ణయించియుండెను. పదిలక్షలకు ఇన్ని పాళ్ళు అను ఈ లెక్కనే సంగ్రహముగా పి.పి.యం. అందురు.

మనుష్యుని ఇంద్రియములు పనిచేయని చోట యంత్రమును కాపలా పెట్టవలెను. గోడకో స్తంభమునకో బిగించి, రేయింబవళ్ళు గాలిని పరిశీలించుచు, వాయువు పాలు హద్దు మీరిన వెంటనే గంట మ్రోగించు సాధనమునకే స్థిర గ్యాస్ డిటెక్టరు అని పేరు. కడప జిల్లాలో దీని అవసరము తక్కువ కాదు. ఎఱ్ఱగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతములలో సిమెంటు కర్మాగారములు కలవు. సిమెంటు తయారీకి బొగ్గును పొడిచేయు మిల్లులలో ఆ పొడి లోలోపల రాజుకొన్నచో, మంట కనబడుటకు ముందే కార్బన్ మోనాక్సైడు పెరుగును. ప్రొద్దుటూరు చేరువ రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రము కలదు. అట్టి కేంద్రములలో పెద్ద జనరేటర్లను చల్లార్చుటకు హైడ్రోజను వాడుదురు. పట్టణముల నీటిశుద్ధి కేంద్రములలో క్లోరిను వాడుదురు. ఇట్టి చోట్ల డిటెక్టరు గోడమీద అలంకారము కాదు, అది కార్మికుల ప్రాణములకు హామీ.

అయితే ఆ హామీ ఎంతవరకు నమ్మదగినది? డిటెక్టరు మీటరులో సున్న కనబడుచున్నది. దానికి రెండర్థములు ఉండవచ్చును. గాలిలో వాయువు లేదనుట ఒకటి. వాయువు ఉన్నను డిటెక్టరు చూడలేకున్నదనుట రెండవది. ఈ రెండింటిని వేరుచేసి చెప్పు మార్గము ఒక్కటే: కొలత తెలిసిన వాయువును కొద్దిగా డిటెక్టరునకు చూపించి, అది సరిగా చెప్పుచున్నదో లేదో పరీక్షించుట.

పూర్వపు కాపలాదారులు

ఈ సమస్య మొదట బొగ్గుగనులలో పుట్టినది. 1815లో హంఫ్రీ డేవీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జ్వాల చుట్టును సన్నని తీగల జల్లెడ అమర్చిన రక్షణదీపమును నిర్మించెను. గనిలో మీథేను చేరినపుడు ఆ దీపపు జ్వాలమీద నీలిరంగు టోపీవంటి కాంతి యేర్పడును. మన సింగరేణి గనులలోను ఇట్టి జ్వాలా రక్షణదీపములు వాడుకలో నుండెను. కార్బన్ మోనాక్సైడును గుర్తించుటకు మాత్రము దీపము చాలదు. అందుచే 19వ శతాబ్దము చివర జాన్ స్కాట్ హాల్డేన్ అను శరీరధర్మ శాస్త్రజ్ఞుని సలహాపై కేనరీ పిట్టలను పంజరములలో గనిలోనికి కొనిపోవుట ఆచారమైనది. చిన్న ప్రాణి గనుక మనిషికంటె ముందు పిట్ట కూలబడును. బ్రిటిష్ గనులలో ఈ పిట్టలకు బదులుగా యంత్రములను పెట్టుటకు 1986లో నిర్ణయించిరి.

ఈ పాత కాపలాదారులకు ఒక సుగుణము కలదు. కొమ్మమీద గంతులువేయు పిట్ట తాను బ్రతికియున్నానని ప్రతిక్షణము తెలుపుచుండును. వెలుగుచున్న దీపమును అంతే. వాని ఆరోగ్యమును ప్రత్యేకముగా పరీక్షింప పనిలేదు. విద్యుత్ డిటెక్టరు అట్లు కాదు.

నేటి డిటెక్టరు తన కొలతను తీగద్వారా విద్యుత్ ప్రవాహముగా కంట్రోల్ రూమునకు పంపును. చాల చోట్ల 4 మిల్లియాంపియర్లు అనగా సున్న, 20 మిల్లియాంపియర్లు అనగా పూర్తి కొలత. సున్నకు సున్న ప్రవాహమే పెట్టక 4 మిల్లియాంపియర్లు పెట్టుటలో ఒక యుక్తి కలదు. తీగ తెగినను, విద్యుత్తు ఆగినను ప్రవాహము 4కు దిగువకు పడిపోవును. కంట్రోల్ రూములో అది లోపముగా వెంటనే తెలియును. కాని తీగ బాగుండి సెన్సారు మాత్రమే చచ్చినచో? అప్పుడును 4 మిల్లియాంపియర్లే వచ్చును. తీగ తెగుట తెలియును, కన్ను పోవుట తెలియదు.

మూడు రకములు, మూడు జబ్బులు

డిటెక్టరును పరీక్షించువాడు అది పనిచేయు తీరును, చెడిపోవు తీరును తెలిసికొనవలెను. ముఖ్యముగా మూడు రకములు వాడుకలో కలవు.

మొదటిది ఉత్ప్రేరక రకము. మండు వాయువులకు దీనిని విరివిగా వాడుదురు. 1920 తరువాతి దశకములో అమెరికాలోని కాలిఫోర్నియాయందు ఆలివర్ జాన్సన్ ప్లాటినము తీగతో ఇట్టి సాధనమును నిర్మించెను. నేటి సెన్సారులో సన్నని ప్లాటినము తీగచుట్టమీద అల్యూమినా పూస యొకటి యుండును. ఆ పూసకు పల్లాడియమువంటి ఉత్ప్రేరకమును పట్టించి, విద్యుత్తుతో సుమారు 500 డిగ్రీల సెంటిగ్రేడుదాకా వేడిచేయుదురు. మండు వాయువు తగిలినపుడు అది జ్వాల లేకుండ పూసమీదనే మండును. పూస మరికొంత వేడెక్కును. వేడితో ప్లాటినము నిరోధము పెరుగును. ఉత్ప్రేరకము లేని మరొక పూసను జతగా పెట్టి, రెండింటిని వీట్‌స్టన్ బ్రిడ్జిలో కలుపుదురు. బ్రిడ్జి ఒరిగిన మేరకు వాయువు పాలు తెలియును. ఉన్నత పాఠశాలలో నేర్చు బ్రిడ్జి సూత్రమే ఇచ్చట ప్రాణరక్షణకు వచ్చినది.

దీని జబ్బు విషము సోకుట. సిలికోన్ కలిసిన పాలిషులు, గ్రీజులు, సీసపు సమ్మేళనములు, కొన్ని గంధక సమ్మేళనములు పూసమీద పొరగట్టి ఉత్ప్రేరకమును నిర్వీర్యము చేయును. పూస వేడిగానే యుండును, బ్రిడ్జి సమముగానే యుండును, మీటరు సున్ననే చూపును. వాయువు వచ్చినను సున్నయే. పైగా మీథేను మిగిలిన మండు వాయువుల కంటె మండుటకు మొండి. కాబట్టి విషము సోకిన పూస మొదట మీథేనును గుర్తించు శక్తిని పోగొట్టుకొనును. ప్రొపేనుతో పరీక్షించినపుడు అది ఇంకను బాగున్నట్లే కనబడవచ్చును. మీథేనునకు కాపలాగానున్న డిటెక్టరును మీథేనుతోనే పరీక్షించవలెననుటకు కారణమిదియే.

రెండవది పరారుణ రకము. మీథేను మొదలగు హైడ్రోకార్బనులు 3.3 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యము చెంత పరారుణ కిరణములను పీల్చుకొనును. కిరణము ఎంత సన్నగిల్లినదో చూచి వాయువు పాలు లెక్కకట్టుదురు. దీనికి ప్రాణవాయువుతో పనిలేదు, విషమును సోకదు. కటకము మురికి పట్టి కిరణము సన్నగిల్లినచో చాల యంత్రములు తామే లోపమును తెలుపును. కాని ఇది హైడ్రోజనును చూడలేదు, ఏలయన హైడ్రోజను అణువు ఆ కిరణములను పీల్చుకొనదు.

మూడవది విద్యుద్రసాయన ఘటము. కార్బన్ మోనాక్సైడు, క్లోరిను, హైడ్రోజన్ సల్ఫైడు వంటి విషవాయువులకు దీనిని వాడుదురు. ఇది ఒక చిన్న బ్యాటరీవంటిది. కార్బన్ మోనాక్సైడు ఒక ఎలక్ట్రోడువద్ద నీటితో చర్యనొంది కార్బన్ డయాక్సైడుగా మారుచు ఎలక్ట్రానులను విడుచును. రెండవ ఎలక్ట్రోడువద్ద ప్రాణవాయువు వానిని గ్రహించును. నడుమ ప్రవహించు విద్యుత్తు వాయువు పాలునకు అనుగుణముగా నుండును. ఘటములోని ద్రవము కాలక్రమమున ఎండిపోవుట దీని జబ్బు. సామాన్యముగా ఘటపు ఆయువు రెండు మూడు సంవత్సరములు. పొడిగాలి, వేడిమి ఆ ఆయువును తగ్గించును. రాయలసీమ వేసవిలో ఎండ తగులు గోడకు బిగించిన ఘటమును మరింత జాగ్రత్తగా చూడవలెను. ఇంకొక చిక్కు కూడ కలదు: కార్బన్ మోనాక్సైడు ఘటములు చాలవరకు హైడ్రోజనునకు కూడ స్పందించును.

మూడు రకములకును ఉమ్మడి జబ్బు ధూళి. వాయువు లోపలికి పోవు జల్లెడ సిమెంటు దుమ్ముతో పూడినను, ఎవరో రంగు వేయుచు దానిపై కూడ పూసినను, లోపలి సెన్సారు ఎంత మంచిదైనను వ్యర్థమే. తలుపు మూసిన గదిలో కాపలాదారుని కూర్చుండబెట్టినట్లగును.

త్రాసు, పడికట్టురాయి

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళకు పేరుపొందిన పట్టణము. అచ్చటి వర్తకుని త్రాసు ఎంత సున్నితమైనదైనను, దానిని తూనికలు కొలతల శాఖవారు ముద్రవేసిన పడికట్టురాళ్ళతో పరీక్షింపక ఎవరును నమ్మరు. మొదట పళ్ళెములు ఖాళీగానుండగా ముల్లు నడిమికి వచ్చుచున్నదా అని చూతురు. పిదప తెలిసిన బరువును వేసి అంతే చూపుచున్నదా అని చూతురు. ముల్లు ఇరుక్కొనిపోయిన త్రాసు కూడ ఖాళీగా నున్నపుడు సమముగానే కనబడును. కాబట్టి మొదటి పరీక్ష మాత్రమే చాలదు.

డిటెక్టరు విషయములోను ఇదే న్యాయము. ఖాళీ త్రాసు వంటిది శుద్ధమైన గాలి. దానితో సున్నను సరిచూతురు. పడికట్టురాయి వంటిది కాలిబ్రేషన్ వాయువు. తెలిసిన పాలులో కలిపి, ధ్రువపత్రముతో సిలిండరులో నింపి అమ్ముదురు. దానితో పై కొలతను సరిచూతురు. ఈ రెండింటిని సరిచేయుటయే క్రమాంకనము, లేక కాలిబ్రేషన్.

దీనికంటె చిన్న పరీక్ష యొకటి కలదు. దానిని బంప్ టెస్టు అందురు. కొద్ది క్షణములపాటు వాయువును చూపి, డిటెక్టరు స్పందించుచున్నదా, గంట మ్రోగుచున్నదా అని మాత్రమే చూచుట. ఇందులో ఏమియు సరిదిద్దరు. పలుకుచున్నదా అనునది బంప్ టెస్టు, నిజము పలుకుచున్నదా అనునది క్రమాంకనము. మొదటిదానిని తరచుగను, రెండవదానిని నిర్ణీత కాలమునకు ఒకమారును చేయుదురు.

నిజము పలుకుట ఎంత ముఖ్యమో చిన్న లెక్కతో తెలియును. 100 పి.పి.యం. కార్బన్ మోనాక్సైడు చూపినపుడు ఒక డిటెక్టరు 62 అని చూపినదనుకొందము. అనగా దాని శక్తి 100కు 62 పాళ్ళకు తగ్గినది. గంట 50వద్ద మ్రోగునట్లు అమర్చియున్నచో, నిజముగా గాలిలో 50ని 0.62తో భాగించిన ఫలము, అనగా సుమారు 81 పి.పి.యం. చేరువరకు అది మ్రోగదు. డిటెక్టరు చావలేదు, కాని ఆలస్యముగా మేల్కొనుచున్నది. సరిదిద్దుటకు ముందు చూపిన 62ను, సరిదిద్దిన పిదప చూపిన 100ను రెండింటిని పుస్తకములో వ్రాయవలెను. ముందు అంకెను వ్రాయనిచో, గడచిన కాలమంతయు కార్మికులు ఎట్టి రక్షణలో పనిచేసిరో ఎవరికిని తెలియదు. మారుమారునకు ఆ అంకె తగ్గుచు వచ్చినచో ఘటమును మార్చు కాలము సమీపించినదని గ్రహింపవచ్చును.

పరీక్షను నిరపాయముగా జరుపు క్రమము

పరీక్షలో వాడు వాయువే పెద్ద ప్రమాదమని పలువురు తలంతురు. లెక్క చూచినచో అట్లు కాదు. 100 పి.పి.యం. వాయువును నిమిషమునకు అరలీటరు చొప్పున 3 నిమిషములు వదలినచో మొత్తము లీటరున్నర. అందులో కార్బన్ మోనాక్సైడు 0.15 మిల్లీలీటరు మాత్రమే. గాలి ఆడుచోట అది లెక్కకు రాదు. మండు వాయువుల సిలిండరులోను, అంటుకొనుటకు కావలసిన కనీసపు పాలులో సగమునో అంతకు తక్కువనో మాత్రమే గాలిలో కలిపి నింపుదురు. గాలి ఆడని ఇరుకు గదులలోను, క్లోరిను వంటి తీవ్రమైన విషవాయువుల విషయములోను మాత్రము బయటికి వచ్చు వాయువును గొట్టముతో దూరముగా పంపవలెను. అసలు ప్రమాదములు వేరే కలవు. క్రమముగా చేసినచో అవి తప్పును.

మొదట కంట్రోల్ రూమువారికి తెలిపి, వ్రాతపూర్వకమైన పని అనుమతిని పొందవలెను. డిటెక్టరు గంటతోపాటు కొన్ని చోట్ల యంత్రములను ఆపుట, కవాటములను మూయుట, నీటిజల్లును విడుచుట కూడ చేయును. చెప్పకుండ పరీక్షించినచో ఒక్కసారిగా కర్మాగారము ఆగవచ్చును, జనము భయముతో పరుగెత్తవచ్చును. ఇట్టి అబద్ధపు గంటలు రెండు మూడు మ్రోగినచో, నిజమైన గంటను కూడ ఎవరును లెక్కచేయరు.

అందుచే పరీక్షించు ఆ ఒక్క డిటెక్టరు ఉత్తర్వులను మాత్రము తాత్కాలికముగా నిలిపివేయుదురు. ఇదియే అన్నిటికంటె అపాయకరమైన ఘట్టము. నోరు కట్టిన కాపలాదారు ఉన్నను లేనట్లే. ఆ సమయములో నిజముగా వాయువు వెలువడవచ్చును. కాబట్టి పరీక్షించువాడు చేతి డిటెక్టరును ఒంటిమీద ధరించవలెను. ఒంటరిగా పోరాదు. ఒక డిటెక్టరు పని ముగించి, దాని కట్టు విప్పిన పిమ్మటనే రెండవదానికి పోవలెను.

తరువాత కంటితో చూడవలెను. జల్లెడ పూడినదా, వాన నీటి తొడుగు ఊడినదా, సాలీడు గూడు కట్టినదా? మండు వాయువులుండు ప్రదేశములో విద్యుత్తు ఉండగా డిటెక్టరు పెట్టె మూతను విప్పరాదు. ఆ దళసరి పెట్టె లోపలి నిప్పురవ్వ బయటికి రాకుండ కాపాడుటకే ఏర్పడినది. ఎత్తున బిగించిన డిటెక్టరును చేరుటకు నిలుకడయైన వేదిక, రక్షణపట్టీ ఉండవలెను.

పిదప సున్నను సరిచూతురు. చుట్టునున్న గాలి శుద్ధమైనదని నిశ్చయము లేనిచో సిలిండరునుండి శుద్ధమైన గాలిని వాడవలెను. గాలిలో అదివరకే 20 పి.పి.యం. వాయువు ఉండగా దానినే సున్నగా దిద్దినచో, ఆ డిటెక్టరు అటుపిమ్మట ఎల్లప్పుడును 20 తక్కువగా చెప్పును.

అటుపిమ్మట కాలిబ్రేషన్ వాయువును చూపవలెను. సిలిండరుమీద వాయువు పేరు, పాలు, గడువు తేదీ మూడింటిని చదువవలెను. గడువు దాటినది ముద్ర చెరిగిన పడికట్టురాయితో సమానము. ప్రవాహము తయారీదారు చెప్పిన మేరకు, సాధారణముగా నిమిషమునకు అరలీటరు చెంత, స్థిరముగా ఉండునట్లు రెగ్యులేటరును అమర్చవలెను. గొట్టము పొట్టిగా నుండవలెను. క్లోరిను వంటి వాయువులను కొన్ని గొట్టములు తామే పీల్చుకొనును గనుక టెఫ్లాను గొట్టము వాడుట మేలు. మీటరులో అంకె పెరిగి పెరిగి నిలుకడకు వచ్చువరకు ఆగవలెను. తొందరపడి మధ్యలో దిద్దినచో కొలత తప్పును. నిలుకడకు వచ్చుటకు చాలసేపు పట్టినచో అదియు ఒక జబ్బే.

చివరకు వాయువును ఆపి, అంకె తిరిగి సున్నకు వచ్చినదని చూచి, కట్టిన నోటిని విప్పి, ఆ సంగతి కంట్రోల్ రూమువారితో చెప్పి రూఢిచేసికొని, పుస్తకములో వ్రాసి సంతకము చేయవలెను. నోరు విప్పుట మరచినచో, ఇంత జాగ్రత్తగా సరిదిద్దిన డిటెక్టరు మరుసటి పరీక్షవరకు మూగదిగా నిలిచిపోవును.

తరచుగా జరుగు పొరపాట్లు

సిగరెట్టు లైటరు గ్యాసును విడిచి డిటెక్టరును పరీక్షించుట ఒక దురలవాటు. అందులోనుండి వచ్చు బ్యూటేను పాలు ఎంతయో తెలియదు. అది మితిమీరి ఉత్ప్రేరక పూసను దెబ్బతీయవచ్చును. గంట మ్రోగినంత మాత్రమున కొలత సరియైనదని తేలదు. పడికట్టురాయికి బదులు దారిలో దొరికిన రాతిని వేసి తూచినట్లే.

నత్రజనిలో కలిపిన మీథేనుతో ఉత్ప్రేరక డిటెక్టరును పరీక్షించుట రెండవ పొరపాటు. పూసమీద వాయువు మండుటకు ప్రాణవాయువు కావలెను. అది లేనిచో మంచి పూస కూడ తక్కువగా చూపును, లేక అసలే చూపదు. కాబట్టి గాలిలో కలిపిన వాయువునే వాడవలెను.

మూడవ పొరపాటు సూక్ష్మమైనది. మండు వాయువు గాలిలో ఒక కనీసపు పాలునకు తక్కువైనచో అంటుకొనదు. దానిని కనిష్ఠ విస్ఫోటన పరిమితి అందురు. డిటెక్టరు ఈ పరిమితిలో నూటికి ఎన్ని పాళ్ళు చేరినదో చూపును. మీథేనునకు ఈ పరిమితి గాలిలో నూటికి 5 పాళ్ళని కొన్ని పట్టికలు, 4.4 పాళ్ళని అంతర్జాతీయ విద్యుత్సాంకేతిక సంఘపు పట్టిక చెప్పును. నూటికి 2.5 పాళ్ళ మీథేను గల సిలిండరు మొదటి పట్టిక ప్రకారము పరిమితిలో సరిగా సగము, అనగా 50. రెండవ పట్టిక ప్రకారము సుమారు 57. రెండవ పట్టికను అనుసరించు డిటెక్టరును ఈ సిలిండరుతో 50కి దిద్దినచో, అది అన్నాళ్ళును ప్రమాదమును తగ్గించి చెప్పును. సిలిండరు, డిటెక్టరు ఒకే పట్టికను అనుసరించునట్లు చూడవలెను.

పరీక్షలో నెగ్గిన డిటెక్టరు కూడ తగినచోట లేనిచో నిష్ప్రయోజనము. గండిలో నీరు పల్లమునే వెదకి పారినట్లు, గాలికంటె సుమారు రెండున్నర రెట్లు బరువైన క్లోరినును, ఒకటిన్నర నుండి రెండు రెట్లు బరువైన వంటగ్యాసును నేలబారుగా ప్రాకి గుంతలలో చేరును. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్టణములోని హిందుస్థాన్ పెట్రోలియం శుద్ధికర్మాగారములో వంటగ్యాసు వెలువడి అంటుకొని 50 మందికి పైగా మరణించిరి. బరువైన మండు వాయువు నేలమీద మేఘమువలె పరచుకొనినచో, దూరముననున్న నిప్పురవ్వ కూడ చాలును. హైడ్రోజను, మీథేను తేలికయైనవి గనుక కప్పును చేరును. కార్బన్ మోనాక్సైడు అణుభారము 28, గాలి సగటు అణుభారము 29. రెండును ఇంచుమించు సమానమే గనుక దాని డిటెక్టరును మనిషి ఊపిరి పీల్చు ఎత్తున పెట్టుదురు.

ఎన్నాళ్ళకొకమారు?

దీనికి తయారీదారు సూచన, ఆయా స్థలపు దుమ్ము, వేడిమి, గత పరీక్షల అంకెలు ఆధారము. ఒక లెక్క మాత్రము అందరును గుర్తుంచుకొనదగినది. రెండు పరీక్షల నడుమ ఏదో యొకనాడు డిటెక్టరు చచ్చినదనుకొందము. ఆ దినము మొదటిదైనను కావచ్చును, చివరిదైనను కావచ్చును. సగటున చూచినచో రెండు పరీక్షల నడిమి కాలములో సగము దినములు అది చచ్చి పడియుండును. సంవత్సరమునకు ఒకమారు పరీక్షించినచో సగటున 6 నెలలు, నెలకొకమారు పరీక్షించినచో సగటున 15 దినములు. సెన్సారు అదే, దాని ఆయువు అదే. పరీక్ష ఎంత తరచుగా జరిగినచో, కార్మికుడు గ్రుడ్డి కాపలా క్రింద పనిచేయు కాలము అంత తగ్గును.

పాఠశాలలో విషవాయువులతోగాని, మండు వాయువులతోగాని ఈ ప్రయోగములను చేయరాదు. కాని సూత్రమును చూపుటకు అడ్డులేదు. వీట్‌స్టన్ బ్రిడ్జిని సమముచేసి, ఒక భుజములోని తీగచుట్టను వ్రేళ్ళతో పట్టి కొంచెము వెచ్చచేసినచో గాల్వనామీటరు ముల్లు కదలును. ఉత్ప్రేరక డిటెక్టరు హృదయము అదియే. పిదప గాల్వనామీటరు తీగను విప్పి, ముల్లు నడిమిననే నిలుచుట చూపి, ఇప్పుడు బ్రిడ్జి సమముగా నున్నదా అని విద్యార్థులను ప్రశ్నింపవచ్చును. ముల్లును చూచి చెప్పజాలమని, తీగను తిరిగి కలిపి తీగచుట్టను మరల వెచ్చచేసి చూడవలెనని వారే గ్రహింతురు.

కొలతసాధనము ఏదైనను సరే, అది సున్న చూపినంత మాత్రమున సున్న యున్నదని తీర్మానింపరాదు. తెలిసినదానిని చూపి, సరిగా చెప్పినదని నిశ్చయించుకొన్న పిమ్మటనే తెలియని దానిని గూర్చి దాని మాటను నమ్మవలెను. ప్రయోగశాలలో ఈ నియమము తప్పినచో ఒక ఫలితము చెడును. కర్మాగారములో తప్పినచో ఉదయము పనికి పోయినవాడు సాయంకాలము ఇల్లు చేరడు.